ఎడం బ్యాక్ ఎవరికి కావాలి?

ఫుట్‌బాల్ కోచ్ అంటే ఆట నేర్పేవాడని అందరూ అనుకుంటారు. పంచదార ఫ్యాక్టరీలో నేను కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ ఆట నేర్పింది తక్కువ, మనుషుల్ని అనుమానించింది ఎక్కువ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి మొదటి విద్య నేర్పడానికి ఇప్పుడు బోలెడన్ని కోర్సులున్నాయి. రెండోది నేర్పేవాళ్ళు లేరు. నాకు తెలిసింది చెబుతాను.

ఫ్యాక్టరీ పేరు రాయను. డెల్టాలో చెరుకు పండే చోట ఉన్న చాలావాటిలో అదొకటి అనుకోండి. డెబ్బైల మొదట్లో హైస్కూల్లో డ్రిల్లు మేస్టారు ఉద్యోగం వదిలేసి అక్కడ చేరాను. చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా జనరల్ మేనేజర్ మొదలు గేటు వాచ్‌మన్ వరకు నన్ను "రంగారావు మేస్టారు" అనే పిలిచారు. కోచ్ అన్నవాళ్ళు లేరు.

చలికాలంలో చెరుకు బళ్ళు వస్తాయి, క్రషింగ్ మొదలవుతుంది. ఎండలు ముదిరేసరికి ఆగుతుంది. వానలు పడ్డాక ఫుట్‌బాల్. మా ఆటగాళ్ళందరూ ఫ్యాక్టరీ పనివాళ్ళే. ఆడేవాళ్ళకి బరువు పనులు ఇచ్చేవారు కాదు. టైమ్ ఆఫీసులోనో, చెరుకు తూచే కాటా దగ్గరో కూర్చోబెట్టేవారు. ఏటా వానలకి ముందు కంపెనీ ఆటగాడి పేరు మీద ఒక ఉద్యోగం ఇచ్చేది. ఒక్కటే. దానికోసం డెల్టా నలుమూలల నుంచీ కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలోంచి ఒకణ్ణి ఏరడమే నా అసలు ఉద్యోగం.

ఏరడంలో చిక్కు ఏమిటో చెబుతాను. ఇంట్లో గరిటె లేదని సంతకి వెళ్ళారు. అక్కడ గరిటెలు నాసిగా ఉన్నాయి, పక్కనే బంగారంలాంటి ఇత్తడి బిందె అదే ధరకి ఇస్తున్నారు. ఏది కొంటారు? జట్టులో ఏ చోటు బోసిగా ఉందో ఆ చోటుకి మనిషిని తెచ్చుకోవాలా, చోటు సంగతి తరవాత చూసుకోవచ్చని అందరిలోకీ మంచి ఆటగాణ్ణి పట్టుకోవాలా? ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. ఏ ఏడూ అది ఉత్త ఆట ప్రశ్న కాదని తెలుసుకోవడానికే నాకు చాలాకాలం పట్టింది.

సుబ్బరాజు గారి గొడుగు

నా మొదటి పెద్దాయన సుబ్బరాజు గారు. ఫ్యాక్టరీలో చీఫ్ కెమిస్టు, స్పోర్ట్స్ క్లబ్బు ప్రెసిడెంటు. జీవితంలో బంతిని కాలితో తాకి ఎరగరు. ఎండైనా వానైనా గొడుగు వేసుకుని గ్రౌండు చుట్టూ తిరిగేవారు. ఒకసారి నన్ను గొడుగు కిందికి పిలిచి అన్నారు:

"మేస్టారూ, ఎవడైనా 'టీము కోసం' అన్నాడనుకోండి, ఆ మాటలో 'నా కోసం' అన్నది ఎక్కడ దాక్కుందో వెతకండి. దొరికితే మంచిదే. దొరక్కపోతే ఇంకా జాగ్రత్తగా వెతకండి."

అప్పటికి నవ్వాను. తరవాతి వానాకాలానికే నవ్వు పోయింది.

ఆ ఏడు ఏలూరు టోర్నమెంటులో మా గోల్ కీపర్ కాళ్ళ మధ్య నుంచి బంతి వెళ్ళిపోయింది. ఓడిపోయాం. ఇక ఊరు ఊరంతా ఒకటే పాట: కీపర్ కావాలి, కీపర్ కావాలి. క్యాంటీన్లో ఇడ్లీలు పెట్టే ఆయన కూడా నాకు సాంబారు పోస్తూ కీపర్ సంగతే ఎత్తేవాడు. మళ్ళీ ఏడు ట్రయల్స్‌కి కాకినాడ నుంచి మధ్య వరసలో ఆడే హాఫ్ బ్యాక్ ఒకడు వచ్చాడు, గ్రౌండు మొత్తం అతని చుట్టూ తిరిగింది. అయినా నేను కీపర్నే తీసుకున్నాను. జనం నోటికి జడిశాను.

తీరా ప్రాక్టీసులు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. ఏలూరులో గోలు పడ్డప్పుడు వెనక నడిమధ్యలో ఆడే మా స్టాపరూ, కుడి బ్యాకూ బంతి ఎవరిదని కీపర్ ముందు నిలబడి పోట్లాడుకుంటున్నారట. పాపం, కీపర్‌కి బంతి కనబడలేదు. గోల్లో పాత కీపరే ఉన్నాడు, కొత్త కీపర్ ఆ ఏడంతా గట్టు మీద కూర్చున్నాడు. ఆ కాకినాడ హాఫ్ బ్యాక్ వేరే టీములో చేరి మా మీదే ఆడి గెలిచి వెళ్ళాడు.

ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటే. 'టీము అవసరం' అని అందరూ గట్టిగా అరుస్తున్నది చాలాసార్లు నిన్నటి ఓటమి తాలూకు మంట. గాయం ఒకచోట ఉంటే కట్టు ఇంకోచోట కడతాం. అయితే ఆ మంటైనా నిజమైనదే. అసలు లేని అవసరాన్ని మనుషులు కల్పిస్తారని నాకు అప్పటికింకా తెలియదు.

నిడదవోలు పిల్లాడు, నర్సాపురం పిల్లాడు

ఎనభైల మొదట్లో ఒక ఏడు. సుబ్బరాజు గారు రిటైరై వెళ్ళిపోయారు. క్లబ్బు పర్సనెల్ ఆఫీసరు, అంటే పనివాళ్ళ ఉద్యోగాల వ్యవహారం చూసే కృష్ణమూర్తి గారి చేతికి వచ్చింది. మాట తక్కువ మనిషి. నవ్వితే కూడా లెక్కగా నవ్వేవారు. అలాంటివాళ్ళంటే నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఆ వేసవిలో మా ఎడం బ్యాక్ అప్పలస్వామి మోకాలు పట్టేసిందన్నాడు. ప్రాక్టీసులో పడ్డాడట. నేనారోజు లేను. ఫ్యాక్టరీ డాక్టరు నొక్కి చూస్తే అమ్మో అన్నాడట, కట్టు కట్టి సెలవు మీద ఇంటికి పంపారట. నేను చూసేసరికి కుంటుతున్నాడు. ఎడం బ్యాక్ అంటే మీకు తెలుసు, ఎడం కాలితో బంతిని తన్నగల వెనక ఆటగాడు. అలాంటివాళ్ళు బహు అరుదు. అప్పలస్వామి లేకపోతే మా ఎడం పక్క తలుపులేని గుమ్మమే.

కృష్ణమూర్తి గారు వెంటనే నన్ను పిలిచారు.

"ఈ ఏడు ఎడం బ్యాక్ కావాలండి, మేస్టారు. నిడదవోలులో ఒక అబ్బాయున్నాడు. సత్యనారాయణ అని. ట్రయల్స్‌కి రమ్మన్నాను."

అవసరం పుట్టిన వారంలోనే ఆ అవసరానికి సరిపోయే మనిషి ఆఫీసరు జేబులోంచి దిగాడు. పైగా కృష్ణమూర్తి గారి అత్తవారిది నిడదవోలు పక్కనే. సుబ్బరాజు గారి గొడుగు కిందికి వెళ్ళినట్టయింది నాకు.

ట్రయల్స్ జరిగాయి. సత్యనారాయణ బాగానే ఆడాడు, నిక్కచ్చిగా ఆడాడు. కానీ అదే రోజు నర్సాపురం నుంచి డానియేలు అనే కుర్రాడు వచ్చాడు. వాళ్ళమ్మ లేసు అల్లుతుందట, వీడు మిషన్ స్కూలు గ్రౌండులో పెరిగాడట. సెంటర్ ఫార్వర్డు. బంతి వీడి కాలికి వచ్చిందంటే గ్రౌండు బయట వేరుశనక్కాయలు అమ్మేవాడు కూడా అమ్మకం ఆపి చూశాడు. అలాంటివాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. ఆ తరవాతా చూడలేదు.

ఒక సంగతి మాత్రం నా కంట్లో పడింది. ట్రయల్స్‌లో కొత్తవాళ్ళకి బంతి అందించడానికి మా పాతవాళ్ళని కొందరిని కలిపి ఆడించేవాణ్ణి. మా సెంటర్ ఫార్వర్డు, కెప్టెను నాగేశ్వరరావు, డానియేలు పక్కనే ఆడాడు. ఎన్నిసార్లు ఖాళీ దొరికినా అతనికి బంతి ఇవ్వలేదు. డానియేలే వెనక్కి పరిగెత్తి బంతి లాక్కుని మళ్ళీ ముందుకి వచ్చాడు. నాగేశ్వరరావు ముప్పై దాటినవాడు, పదేళ్ళుగా మా టీముకి పెద్దన్న. అలాంటి మనిషి ఎందుకలా చేశాడు?

ఆ సాయంత్రం కృష్ణమూర్తి గారితో అన్నాను.

"డానియేలుని వదులుకోవద్దండి."

"అతను ఫార్వర్డు కదండి. ఫార్వర్డు మనకున్నాడు. మనకి లేనిది బ్యాకు."

"ఆట చూశారు కదండి?"

"చూశాను. గోలు కొడతాడు సరే. మన గోల్లో పడేవాటిని ఎవరాపుతారు?"

ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పులేని మాటలంటేనే నాకు ఎక్కువ అనుమానం. నాలుగు రోజులు టైమడిగాను.

పాయింట్స్‌మన్ ఇంట్లో

మర్నాడు ప్యాసింజర్ ఎక్కి నిడదవోలు వెళ్ళాను. సత్యనారాయణ తండ్రి రైల్వేలో పాయింట్స్‌మన్, పట్టాలు మార్చే పని. జంక్షన్ పక్కన క్వార్టర్సులో ఉంటున్నారు. నేను ఫలానా అని చెప్పగానే కుర్చీ వేశాడు గానీ మొహంలో వెలుగు లేదు.

"అబ్బాయి లేడండి. మీరెందుకొచ్చారండి?"

"ఊరికే, మాట్లాడదామని."

"ఉద్యోగం ఇస్తామనేవాళ్ళు ఇంటికి రారండి. కాయితం వస్తది. ఇవ్వలేమని చెప్పేవాళ్ళే ఇంటికొస్తారు."

ఇచ్చిన మజ్జిగ తాగాను. కాసేపయ్యాక మెల్లగా అడిగాను, కృష్ణమూర్తి గారు మీకు చుట్టమా అని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆయనెవరో నాకు తెలీదండి. మావోడు స్టేషను పక్క గ్రౌండులో ఆడుతుంటే ఎవరో పెద్దమనిషి రైలు దిగొచ్చి చూశాడంట. పేరు రాసుకెళ్ళాడంట. చుట్టాలైతే పేరు రాసుకోవాల్సిన పనేముందండి, మీరు ఇంత దూరం రావాల్సిన పనేముంది?"

చుట్టుపక్కల కూడా వాకబు చేశాను. స్టేషను ముందు కిళ్ళీ కొట్టులో అడిగాను, సత్యనారాయణతో ఆడే కుర్రాళ్ళని అడిగాను. చుట్టరికం లేదు, పరిచయం లేదు, మధ్యవర్తి లేడు. నా అనుమానానికి పట్టుకోవడానికి కొమ్మ దొరకలేదు. అయినా తిరుగు రైల్లో నాకు నెమ్మది లేదు. కృష్ణమూర్తి గారు కాకపోతే ఇంకెవరో ఉన్నారనిపించింది. నాగేశ్వరరావు ఇవ్వని బంతి నా బుర్రలో దొర్లుతూనే ఉంది.

రావులపాలెం మార్కెట్లో

నేను వెతికింది నేను వెతకని చోట దొరికింది. మా చెల్లెలింట్లో గృహప్రవేశానికి అరటి గెలలు కావాలంటే రావులపాలెం వెళ్ళాను. మార్కెట్టు నిండా గెలలు, సైకిళ్ళు, లారీలు. ఆ సందట్లో ఒకడు కావిడికి రెండు పక్కలా గెలలు వేలాడేసుకుని నా ముందు నుంచి వెళ్ళాడు. కావిడి మోసేవాడి నడక మీరు చూసే ఉంటారు. మోకాళ్ళు స్ప్రింగుల్లా పనిచేస్తేనే బద్ద ఊగుతుంది, లేకపోతే భుజం కోసేస్తుంది. ఆ మనిషి మోకాళ్ళు దివ్యంగా పనిచేస్తున్నాయి.

"అప్పలస్వామీ!" అన్నాను.

అతను ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కావిడి దించి నా దగ్గరికి నాలుగడుగులు వేశాడు, కుంటుతూ.

"కట్టు కట్టింది కుడి మోకాలికి కదయ్యా. ఎడం కాలు కుంటుతున్నావేంటి?"

అప్పలస్వామి కిందికి చూసుకున్నాడు. ముందు నవ్వొచ్చింది అతనికి. ఆ నవ్వు నోట్లో ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇద్దరం గెలల మధ్య ఒక ఖాళీ బండి మీద కూర్చున్నాం.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? కృష్ణమూర్తి గారా?"

"అబ్బే, ఆయనకేం తెలుసండి. నేనేనండి."

"ఎందుకు?"

"నాగేశ్రావన్నయ్య కోసమండి."

ఒక్కొక్కటే చెప్పాడు. నర్సాపురంలో డానియేలు అనే ఫార్వర్డున్నాడని, ఈసారి మా ట్రయల్స్‌కి వస్తున్నాడని అతనికి ముందే తెలుసు. పాలకొల్లులో ఒక మ్యాచ్‌లో అతని ఆట చూశాడు.

"ఆడొస్తే అన్నయ్య ఆట పోద్దండి. ఆట పోతే కాటా దగ్గర కుర్చీ పోద్దండి. మళ్ళీ గంధకం దగ్గరేస్తారు."

పంచదార ఫ్యాక్టరీలో పనిచెయ్యనివాళ్ళ కోసం చెబుతాను. చెరుకు రసం తెల్లబడడానికి గంధకం కాల్చి ఆ పొగని రసంలోకి పంపుతారు. ఆ పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళ ముక్కూ గొంతూ మండిపోతాయి. నాగేశ్వరరావు ఆటలోకి రాకముందు అక్కడే పనిచేశాడు. అప్పటి దగ్గు ఇప్పటికీ పోలేదు. అది నాకు తెలుసు. అప్పలస్వామి తరవాత చెప్పింది మాత్రం తెలియదు.

"కిందటి క్రషింగులో ఎవరో రాలేదని కొన్నాళ్ళు అన్నయ్యని మళ్ళీ అక్కడేశారండి. ఇంటికొచ్చి మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడండి. పడుకుంటే ఊపిరాడదంట. వదిన వీపుకి వీపానించి కూర్చునేది. నేను చూశానండి."

"నాగేశ్వరరావు చెప్పమన్నాడా ఇదంతా?"

"తెలిస్తే తంతాడండి. బ్యాకు ఖాళీ అయితే టీముకి బ్యాకే కావాలంటారు, ఫార్వర్డుని తీసుకోరు అని నేనే అనుకున్నానండి. ఆటలో దెబ్బ తగిలినోణ్ణి కంపెనీ తోసెయ్యదు కదండి. గేటు దగ్గరో ఎక్కడో కూర్చోబెడతారు."

"మరి నువ్వు ఆడకుండా ఉండగలవా?"

 అతనికి అప్పటికి ముప్పై కూడా లేవు.

"అది ఆలోచించలేదండి" అన్నాడు.

చెప్పిన కారణం, చెప్పని కారణం

ఇప్పుడు నా చేతిలో ఏముందో చూడండి. అవసరం అబద్ధమని తేలిపోయింది. అప్పలస్వామి మోకాలు బాగుందని నేను చెబితే డానియేలు వస్తాడు, నాగేశ్వరరావు గంధకం దగ్గరికి పోతాడు, అబద్ధమాడినందుకు అప్పలస్వామి ఉద్యోగమే పోతుంది. చెప్పకపోతే సత్యనారాయణ వస్తాడు, డానియేలు నర్సాపురం బస్సెక్కుతాడు. ఇత్తడి బిందె, గరిటె అని నేను కొత్తవాళ్ళకి చెప్పే పాఠంలో మనిషి ఊపిరితిత్తులు ఎక్కడా లేవు.

కృష్ణమూర్తి గారికి నిజం చెప్పొచ్చు కదా అంటారేమో. ఆ మనిషిని నేను నమ్మలేదు. నమ్మడానికి నాకు కారణం కనబడలేదు.

నాలుగో రోజు ఆయన గదికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన అన్నారు:

"నిడదవోలు వెళ్ళారట. నా చుట్టరికాలు దొరికాయా అండి?"

నాకు మొహం చెల్లలేదు. ఆయన మాత్రం మామూలుగానే ఉన్నారు.

"క్రాసింగ్ కోసం మా రైలు ఆపేశారండి. దిగి కాళ్ళు చాపుకుందామని గ్రౌండు దాకా వెళ్ళాను. ఆ అబ్బాయి బంతి ఆపి, తల ఎత్తి చూసి, అప్పుడు తన్నాడు. మనవాళ్ళలో తల ఎత్తి చూసి తన్నేవాడు ఎవడున్నాడు చెప్పండి? అదొక్కటే కారణం."

"డానియేలునే తీసుకుందామండి" అన్నాను.

"బ్యాకు ఎవరు మరి?"

"నాగేశ్వరరావు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముప్పై దాటిన ఫార్వర్డుని వెనకాడిస్తారా?"

"దొంగ దారి దొంగకే తెలుస్తుందండి. ఇన్నేళ్ళూ బ్యాకుల్ని బోల్తా కొట్టినవాడు. ఫార్వర్డు ఏ పక్కకి తిరుగుతాడో వాడికంటే ఎవరికి తెలుసు? ఎడం కాలు కూడా బాగానే వాడతాడు."

"అసలు కారణం ఇదేనా?"

"ఇదేనండి."

"కాదు" అన్నారు కృష్ణమూర్తి గారు. "కానీ మీరు చెప్పిన కారణం కూడా కొట్టిపారేసేది కాదు. సరే, కానివ్వండి. ఓడితే మాత్రం నేను అడుగుతాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటా అని బయటికొచ్చాక మళ్ళీ అనుమానం. అలవాటు అలాంటిది.

మళ్ళీ నిడదవోలు వెళ్ళి నేనే స్వయంగా చెప్పాను. సత్యనారాయణ ఇంట్లోనే ఉన్నాడు. "నేనేమైనా తప్పాడానా అండి?" అని అడిగాడు. లేదన్నాను. అది నిజం. తండ్రి మాత్రం నా వైపు చూడకుండా, "చెప్పానుగా అండి, ఇంటికొచ్చేవాళ్ళ సంగతి" అన్నాడు. ఈ ఉద్యోగంలో తీసుకున్నవాళ్ళ ఇళ్ళకి అందరూ వెళ్తారు. తీసుకోనివాళ్ళ ఇంటికి వెళ్ళడమే నేర్చుకోవాలి. మజ్జిగ ఇవ్వరు, అయినా వెళ్ళాలి.

వెనక్కి వచ్చినవాడు

నాగేశ్వరరావుకి చెప్పాను.

"నన్ను వెనక్కి తోసేస్తున్నారా మేస్టారూ?"

"టీముకి అవసరమయ్యా."

ఆ మాట నా నోటి నుంచి వచ్చినప్పుడు నాకే వినడానికి బాగాలేదు. నాగేశ్వరరావు నన్నూ డానియేలునీ ఇద్దర్నీ అనుమానించాడు. నర్సాపురం వాళ్ళు నాకేదో ముట్టజెప్పారని క్యాంటీన్లో గుసగుసలు నడిచాయి. అప్పలస్వామిని గేటు దగ్గర కూర్చోబెట్టారు. అతను రోజూ ప్రాక్టీసుకి వచ్చి గట్టు మీద నుంచి నాగేశ్వరరావుకి కేకలేసేవాడు: "అన్నయ్యా, బంతి చూడకు, నడుం చూడు! నడుం ఎటు తిరిగితే వాడటే!"

సాయంత్రాలు డానియేలుని నాగేశ్వరరావు మీదికి వదిలేవాణ్ణి. మొదట్లో చూడలేకపోయేవాణ్ణి. పెద్దవాడు పడుతూ లేస్తూ ఉండేవాడు, చిన్నవాడు బంతి తీసుకుపోతూ ఉండేవాడు. ఒక రోజు వాన జోరుగా పడుతుండగా డానియేలు ఎడమకి ఊగి కుడికి తిరిగాడు. నాగేశ్వరరావు కదల్లేదు. కుడి పక్కనే నిలబడి బంతి తీసుకున్నాడు. డానియేలు బురదలో కూర్చుని నవ్వాడు.

"ఎలా తెలిసిందండి?"

"నీకంటే ముందు ఈ మోసం నేను చేశానురా" అన్నాడు నాగేశ్వరరావు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటలు మొదలయ్యాయి. మర్నాడు ప్రాక్టీసులో నాగేశ్వరరావు కాలి నుంచి డానియేలుకి బంతి కూడా వెళ్ళింది.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ ఏడు ఫైనల్లో మా ఎదురు టీము రైల్వే వాళ్ళు. సత్యనారాయణని వాళ్ళు తీసేసుకున్నారు. డానియేలు అందమైన గోలు కొట్టాడు. తరవాత మా ఎడం పక్క నుంచే వాళ్ళు రెండు కొట్టారు. వాళ్ళ రైట్ వింగ్ కుర్రాడు పరుగెడుతుంటే నాగేశ్వరరావుకి ఎటు తిరుగుతాడో తెలుస్తూనే ఉంది, కాళ్ళే అందుకోలేదు. అటు సత్యనారాయణ పక్క నుంచి మావాళ్ళు ఒక్కసారి కూడా దాటలేకపోయారు.

బయటికి వస్తుంటే కృష్ణమూర్తి గారు నా పక్కనే నడిచారు.

"ఎడం బ్యాక్ కావాలన్నాను కదండి, మేస్టారు."

ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. మొదటి నుంచీ నిజమే. ఉత్త ఆట గురించి మాట్లాడిన మనిషి ఆ ఏడాదంతా ఆయనొక్కరే.

మరుసటి ఏడు డానియేలుని హైదరాబాదులో ఒక పెద్ద టీము తీసుకుపోయింది. వెళ్ళేముందు వచ్చి, "తప్పుగా అనుకోకండి సార్" అన్నాడు. తప్పేముంది. మనలాంటి చిన్న టీములకి మంచి ఆటగాడు రైల్వే ప్లాట్‌ఫారం మీద కలిసిన స్నేహితుడిలాంటివాడు. వాడి రైలు వస్తుంది, ఎక్కుతాడు. అందుకని ప్లాట్‌ఫారం మీద మాట్లాడుకోకూడదా? నేనైతే ఆ ఒక్క వానాకాలం కోసం మళ్ళీ వాణ్ణే తీసుకుంటాను.

ఆఫీసరు వెళ్ళే రోజు

ఆ తరవాత ఏడాదికి కృష్ణమూర్తి గారు వేరే కంపెనీకి వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఆఖరి వారంలో ఆయన గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. కావిడి, కుంటిన కాలు, మంచం మీద కూర్చుని నిద్రపోవడం, అన్నీ. వెళ్ళిపోయే ఆఫీసరు వల్ల అప్పలస్వామికి హాని ఉండదని లెక్క వేసుకునే చెప్పాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఆయనకి కోపం రావడం మొదటిసారి చూశాను.

"ఇది నాకు అప్పుడే చెప్పుంటే ఏమయ్యేదండి? దగ్గున్నవాణ్ణి గంధకం దగ్గర వెయ్యొద్దని ఒక్క ఆర్డరు వేసేవాణ్ణి. ఆయన ఆడినా ఆడకపోయినా కాటా దగ్గరే ఉండేవాడు. మీరు ఎవర్ని తీసుకోవాలో ఆట చూసి తీసుకునేవారు. ఊపిరితిత్తుల్ని తీసుకొచ్చి ఫుట్‌బాల్‌కి ముడిపెట్టారు!"

ముడిపెట్టింది నేను కాదు, కంపెనీ. ఆ మాట ఆయనకి అక్కడే చెప్పాను. 

అప్పుడే చెప్పి ఉంటే ఆయన నిజంగా ఆ ఆర్డరు వేసేవారా? ఇప్పటికీ నేను పూర్తిగా నమ్మను. వెళ్ళిపోయే రోజున ప్రతి మనిషీ నేనైతే చేసేవాణ్ణనే అంటాడు. కుర్చీలో కూర్చున్న రోజున చేసినవాళ్ళని నేను కొద్దిమందినే చూశాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నా సలహా అడిగితే, అందర్నీ నమ్మమని చెప్పలేను. ఎవర్నీ నమ్మొద్దని కూడా చెప్పలేను. అనుమానం ఉన్నచోట ఆగిపోకుండా రైలెక్కి వెళ్ళి చూడమంటాను, అంతే.

కానీ ఆయన ఒక పని చేశారు. మర్నాడు పొద్దున్న ఆఫీసు బోర్డు మీద ఆర్డరు అంటించి ఉంది. నాగేశ్వరరావుని కాటా దగ్గరే పర్మనెంటుగా వేసినట్టు, వైద్య కారణాల మీద ఇంకెక్కడికీ మార్చకూడదని. కింద కృష్ణమూర్తి గారి సంతకం. ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు, కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను.

అది విని అప్పలస్వామి ఆ సాయంత్రమే బూట్లు తీసుకుని గ్రౌండుకి వచ్చేశాడు. మోకాలి గురించి డాక్టరు అడిగితే దేవుడు చూశాడన్నాడట. 

నాగేశ్వరరావు మాత్రం ఆలస్యంగా వచ్చాడు. ఆట బట్టలు వేసుకోలేదు. కాటా దగ్గర నుంచి అలాగే ప్యాంటూ చొక్కాతో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపు కుర్రాళ్ళ ఆట చూశాడు.

"అయితే ఇంక నేను ఆడక్కర్లేదన్నమాట" అన్నాడు.

"అక్కర్లేదు. నీ కుర్చీ నీదే."

తల ఊపాడు. దగ్గు వచ్చింది, ఆగాడు, గొంతు సవరించుకున్నాడు. బంతి గ్రౌండు దాటి మా వైపు దొర్లుకుంటూ వచ్చింది. దాన్ని చెప్పుకాలి కింద ఆపాడు. తల ఎత్తి నా వైపు చూశాడు.

"మరి ఆడొచ్చా, మేస్టారూ?"